సముద్రం ఒరగకూడదు: ల్యాండ్‌స్కేప్ ఫోటోల్లో హొరైజన్ సమంగా నిలబెట్టే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

భీమిలి బీచ్‌లో తీసిన సూర్యోదయం ఫోటో ఒకటి, మా పెద్దమ్మ వాళ్ల గృహప్రవేశానికి కానుకగా ఇద్దామని 30 అంగుళాల వెడల్పున ప్రింట్ వేయించాను. ఫోన్‌లో చూసుకున్నన్నాళ్లూ నేను ఎంతో ఇష్టపడ్డ ఫోటో అది. గోడకి తగిలించాక పెద్దమ్మ కాసేపు చూసింది. లేచి వెళ్లి ఫ్రేమ్ ఎడమ మూల కాస్త పైకి జరిపి వచ్చి కూర్చుంది. రెండు నిమిషాలు కాలేదు, మళ్లీ లేచి ఇంకాస్త జరిపింది. మేస్త్రి మర్చిపోయి వెళ్లిన రసమట్టం ఆ ఇంట్లోనే ఉంది. తెచ్చి పెట్టి ఫ్రేమ్‌ని మళ్లీ తిన్నగా సర్దాను. అప్పుడు తెలిసింది, ఒరిగింది ఫ్రేమ్ కాదు, ఫోటోలోని సముద్రం.

తర్వాత ఫైలు తెరిచి కొలిస్తే వాలు 1.1 డిగ్రీ. వినడానికి చాలా చిన్న అంకె. కానీ లెక్క వేసి చూడండి. 1 డిగ్రీ వాలు అంటే ప్రతి వంద పాళ్ల వెడల్పుకి దాదాపు ఒకటి ముప్పావు పాళ్ల ఎత్తు తేడా. 7 సెంటీమీటర్ల వెడల్పున్న ఫోన్ తెర మీద అది 1.2 మిల్లీమీటర్లు, ఎవరి కంటికీ ఆనదు. 30 అంగుళాల ప్రింట్ మీదికి వచ్చేసరికి అదే అర అంగుళం అవుతుంది. 6000 పిక్సెళ్ల వెడల్పున్న 24 మెగాపిక్సెల్ ఫైలులో ఎడమ అంచుకీ కుడి అంచుకీ మధ్య 105 పిక్సెళ్ల తేడా. తీసేటప్పుడు కనబడని తప్పు గోడ మీద కనబడేది ఇందుకే.

అప్పటి నుంచి ఈ ఒక్క విషయం మీద చాలా ఉదయాలు పెట్టాను. నేను నేర్చుకున్నది క్లుప్తంగా చెప్పాలంటే ఇంతే: ఫోటోలో అడ్డంగా కనబడే ప్రతి గీతా హొరైజన్, అంటే నింగీ నేలా కలిసినట్టు కనబడే దిగంత రేఖ, కాదు. ఏ గీతని నమ్మాలో తెలియకపోతే ఎంత ఖరీదైన ట్రైపాడ్ ఉన్నా, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా లాభం లేదు. అందుకే మొదట గీతల సంగతి, ఆ తర్వాతే సామాను.

మొదటి మెట్టు: ఏ గీతని నమ్మాలి

సముద్రాన్ని నమ్మవచ్చు. ఒడ్డున నిలబడ్డ మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లు అనుకుంటే, నీళ్లూ ఆకాశమూ కలిసినట్టు కనబడే ఆ గీత సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. వంద మీటర్ల ఎత్తున్న కొండ ఎక్కితే అది 36 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. ఎటు చూసినా దూరం ఒక్కటే కాబట్టి, ఎటు చూసినా ఆ గీత మట్టంగానే ఉంటుంది. విశాఖ ఆర్‌కే బీచ్‌లోనో, యారాడలోనో, కాకినాడ దగ్గర ఉప్పాడలోనో ఫోటోలో ఆ గీత వాలిందంటే వాలింది కెమెరాయే. అనుమానమే అక్కర్లేదు.

చిక్కంతా చెరువులు, నదుల దగ్గర. "నీరు పల్లమెరుగు" అంటారు కదా, చెరువు నీళ్లు మట్టంగానే ఉంటాయి. కానీ మనకి కనబడేది నీళ్ల మట్టం కాదు, అవతలి ఒడ్డు. ఆ ఒడ్డు మనకి సరిగ్గా ఎదురుగా, అడ్డంగా ఉంటేనే ఫోటోలో సమంగా పడుతుంది. ఒక పక్క దగ్గరగా, ఇంకో పక్క దూరంగా ఉంటే మాత్రం వాలుగానే కనబడుతుంది, కనబడాలి కూడా.

దీనికో సూత్రం ఉంది, ఇది బాగా ఒంటబట్టించుకోండి. మట్టంగా ఉన్న గీత ఏదైనా మన కంటి ఎత్తు కన్నా కింద ఉంటే, దూరం పోయే కొద్దీ ఫోటోలో పైకి ఎక్కుతుంది. కంటి ఎత్తు కన్నా పైన ఉంటే, దూరం పోయే కొద్దీ కిందికి దిగుతుంది. సరిగ్గా కంటి ఎత్తులో ఉన్నదొక్కటే సమంగా ఉంటుంది.

భీమిలిలోనే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట నిలబడి చూస్తే ఇది కళ్లకి కడుతుంది. నది అవతలి ఒడ్డు ఒక చివర మనకి దగ్గరగా మొదలై దూరంగా సాగుతుంది. ఒడ్డు గీత మన కంటి కన్నా కింద ఉంది కాబట్టి దూరపు చివర పైకి లేచినట్టు ఉంటుంది. దాన్ని పట్టుకుని ఫోటోని సమం చేశారా, పక్కనే ఉన్న సముద్రం పూర్తిగా ఒరిగిపోతుంది. రెండూ ఒకే ఫ్రేమ్‌లో ఉన్నప్పుడు సముద్రం మాటే వినాలి.

రాజమండ్రిలో గోదావరి గట్టు మీద నుంచి 28 కమానుల రైలు వంతెనని తీసేవాళ్లకీ ఇదే తిప్పలు. గట్టు మీద మనం ఎక్కడ నిలబడ్డా వంతెన ఒక కొస మన ఒడ్డునే ఉంటుంది, రెండో కొస అవతలి ఒడ్డున. అంటే అది దగ్గర నుంచి దూరానికి పోతున్న గీత. కమానుల పైభాగం మన కంటి కన్నా ఎత్తున ఉంది కాబట్టి దూరం పోయే కొద్దీ కిందికి దిగుతుంది. స్తంభాలు నీటిని తాకే వరస పైకి ఎక్కుతుంది. "వంతెన వాలిపోయిందే" అని కంగారుపడి ఫోటోని తిప్పేస్తే గోదావరి పక్కకి ఒలికిపోతున్నట్టు ఉంటుంది.

ఇంకొన్ని మోసపు గీతలు చెబుతాను. సముద్రంలో లంగరు వేసి ఉన్న రెండు ఓడలు ఒకే దూరంలో ఉండవు, వాటి అడుగుల్ని కలిపితే వచ్చే గీత మట్టం కాదు. అలల నురగ అంచు అసలే కాదు, తీరం వంకర తిరిగినట్టల్లా అదీ తిరుగుతుంది. లంబసింగిలో తెల్లవారుజామున లోయ నిండా పరుచుకునే మంచు పైఅంచు చూడటానికి సముద్రంలాగే ఉంటుంది గానీ, లోయ వాలుని బట్టి అదీ వాలుతుంది. గండికోటలో పెన్నా లోయ అవతలి అంచు, ఆ రాతి పొరలు ఎంతో తీరుగా అడ్డగీతలు గీసినట్టు ఉంటాయి. అవి కూడా దూరం పోయే గీతలే, సూత్రం వాటికీ వర్తిస్తుంది.

రెండో మెట్టు: అడ్డగీత దొరకనప్పుడు నిలువు గీతని అడగండి

మేస్త్రి గోడ కట్టేటప్పుడు మట్టం చూడటానికి లెవెల్ పైపులో నీళ్లు పోస్తాడు, నిలువు చూడటానికి గుండు వేలాడదీస్తాడు. ఫోటోలోనూ అంతే. అడ్డగీత నమ్మకంగా లేకపోతే నిలువు గీత పట్టుకోవాలి.

అన్నిటికన్నా మంచి గుండు నీటిలోని ప్రతిబింబం. ఒక తాటిచెట్టు మొవ్వునీ, నీళ్లలో కనబడే అదే మొవ్వునీ ఒక గీతతో కలపండి. చెట్టు వంకరగా ఉన్నా ఫర్వాలేదు, ఆ గీత మాత్రం నిలువుగానే ఉండాలి. నిలువుగా లేదంటే కెమెరా ఒరిగిందన్నమాట. కోనసీమ కాలువల దగ్గర ఇది ప్రాణం కాపాడుతుంది. అక్కడ కొబ్బరిచెట్లు కాలువ మీదికి వంగి ఉంటాయి, వాటి బోదెని నిలువు అనుకుంటే కథ అడ్డం తిరుగుతుంది.

రాత్రిపూట ఇంకా తేలిక. హుస్సేన్‌సాగర్ దగ్గర ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూడండి. అవతలి ఒడ్డు దీపాలు నీళ్లలో పొడుగాటి చారలుగా సాగుతాయి. ఒడ్డు ఎంత వంకరగా ఉన్నా ఆ చారలు మన వైపు తిన్నగా, నిలువుగా దిగుతాయి. ఫ్రేమ్ మధ్యలో ఉన్న చారని చూసి సమం చేసుకుంటే చాలు. 1992లో నిలబెట్టిన బుద్ధ విగ్రహం నడుమ ఉంటే అదీ మంచి సాక్షే.

పగలు, సముద్రం మీద పొగమంచు కమ్మి గీత కనబడకుండా పోయినప్పుడు సూర్యుణ్ణి ఆసరా చేసుకోండి. నీళ్ల మీద మెరిసే ఎండ దారి సూర్యుడికి సరిగ్గా కిందే ఉంటుంది. సూర్యుడి నుంచి ఆ మెరుపు దారి నడుమకి గీత గీస్తే అది నిలువు. చలికాలం విశాఖ తీరంలో ఈ ఉపాయంతో నేను కాపాడుకున్న ఫోటోలు చాలానే ఉన్నాయి.

ఒక జాగ్రత్త. నిలువు గీతల్లో ఫ్రేమ్ మధ్యలో ఉన్నవాటినే నమ్మండి. కెమెరాని పైకో కిందికో వంచితే అంచుల్లో ఉన్న గోపురాలు, స్తంభాలు లోపలికో బయటికో వాలతాయి. అది ఒరగడం కాదు, ఆ వంపు వల్ల వచ్చే తేడా. గండికోటలో జుమ్మా మసీదు మినార్లని ఫ్రేమ్ ఒక పక్కన పెట్టి, కెమెరాని పైకెత్తి తీసి, తర్వాత వాటిని చూసి ఫోటో తిప్పితే నేలంతా వాలిపోతుంది.

మూడో మెట్టు: లెవెల్‌ని ముందే పరీక్షించండి

ఇప్పుడు చాలా కెమెరాల్లో, కెమెరా ఎంత వాలిందో తెర మీద చూపించే లెవెల్ ఉంటోంది. నికాన్‌లో వర్చువల్ హొరైజన్ అంటారు, కెనాన్‌లో ఎలక్ట్రానిక్ లెవెల్. మెనూలో వెతికి ఆన్ చేసుకోండి, దానితో పాటు తెర మీద అడ్డ, నిలువు గీతలు చూపించే గ్రిడ్ కూడా. ఐఫోన్‌లో ఐఓఎస్ 17 నుంచి సెట్టింగ్స్‌లో కెమెరా కింద గ్రిడ్ పక్కనే లెవెల్ అని ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో కెమెరా సెట్టింగ్స్‌లో గ్రిడ్ లైన్స్ దగ్గర చూడండి, చాలా వాటిలో ఉంటుంది.

లెవెల్ పచ్చగా వెలిగింది కదా అని అక్కడితో ఆగిపోకండి. కెనాన్ తన కెమెరాల మాన్యువల్‌లోనే అటో ఇటో 1 డిగ్రీ తేడా ఉండొచ్చని రాస్తుంది. 1 డిగ్రీ అంటే ఇందాక చూశాం, గోడ మీద అర అంగుళం. లెవెల్ మనల్ని దగ్గరికి చేరుస్తుంది, ఆఖరి మాట మాత్రం దానిది కాదు.

మీ లెవెల్ ఎంత నిజం చెబుతుందో ఇలా తేల్చుకోండి. ఎదురుగా అడ్డంకి లేని సముద్రం ముందు ట్రైపాడ్ వేసి, లెవెల్ సున్నా చూపించేలా కెమెరాని బిగించి, హొరైజన్‌ని ఫ్రేమ్ సరిగ్గా మధ్యలో పెట్టి ఒక ఫోటో తీయండి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఎడమ అంచులో హొరైజన్ ఎత్తు, కుడి అంచులో ఎత్తు పోల్చండి. తేడా ఉంటే ఎంతో, ఎటో రాసి పెట్టుకోండి. ఇకపై లెవెల్‌ని చదివేటప్పుడు ఆ తేడా కలుపుకోవడమే. ఒలింపస్ లాంటి కొన్ని కెమెరాల్లో మెనూలోనే లెవెల్‌ని సరిచేసుకునే వీలుంది.

ఫ్లాష్ పెట్టే చోట తగిలించే చిన్న బుడగ లెవెల్ కొన్నవాళ్లు దాన్నీ ఊరికే నమ్మకండి. ఒక గ్రానైట్ గట్టు మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూడండి. అదే చోట దాన్ని కుడి కొస ఎడమకి వచ్చేలా తిప్పి పెట్టండి. రెండుసార్లూ బుడగ గట్టుకి ఒకే దిక్కుకి జరిగితే లెవెల్ మంచిదే, గట్టే వాలుగా ఉంది. ఒకసారి ఒక దిక్కుకి, ఇంకోసారి రెండో దిక్కుకి జరిగితే లోపం లెవెల్‌లోనే ఉంది. మేస్త్రీలు కొత్త రసమట్టం కొన్నప్పుడు చేసే పరీక్షే ఇది.

నాలుగో మెట్టు: చేత్తో తీసేటప్పుడు

నా పాత ఫోటోలన్నీ వరసగా చూసుకుంటే ఒక సంగతి తెలిసింది. దాదాపు అన్నిటిలో హొరైజన్ కుడి పక్క పైకి లేచి ఉంది. కారణం చూపుడు వేలు. షట్టర్ బటన్ కెమెరా కుడి చివర ఉంటుంది. దాన్ని గట్టిగా నొక్కినప్పుడల్లా కుడి పక్క కిందికి దిగుతుంది. కెమెరా కుడి కిందికి దిగితే, ఫోటోలో సముద్రం కుడి పక్క పైకి లేస్తుంది. మీ ఫోటోలు ఒక ఇరవై తీసి చూడండి. వాలు ఎప్పుడూ ఒకే పక్కకి ఉంటే అది మీ చేతి అలవాటు. అలవాటు దొరికితే మందు దొరికినట్టే.

ఎడమ చేతిని లెన్స్ కింద గిన్నెలా పెట్టి బరువంతా దాని మీద ఆనించండి. మోచేతులు డొక్కలకి తగలాలి. బటన్‌ని సగం నొక్కి ఆగి, ఆ క్షణంలో హొరైజన్‌ని గ్రిడ్ గీతతో పోల్చుకుని, ఆ తర్వాత మిగతా సగం మెల్లగా నొక్కండి. వేలితో పొడవకూడదు, పిండినట్టు ఉండాలి.

గ్రిడ్ వాడే పద్ధతి కూడా చెప్పాలి. గీత మీద హొరైజన్‌ని కూర్చోబెడితే రెండూ కలిసిపోయి చిన్న వాలు కనబడదు. హొరైజన్‌ని గీతకి వెంట్రుకవాసి కింద పెట్టండి. అప్పుడు రెండింటి మధ్య సన్నటి సందు మిగులుతుంది. ఆ సందు ఎడమ నుంచి కుడి దాకా ఒకే మందంగా ఉందా అన్నది కన్ను ఇట్టే పట్టేస్తుంది.

ఐదో మెట్టు: ట్రైపాడ్, అందులోనూ ఇసుకలో

గట్టి నేల మీద ట్రైపాడ్ పని వరసగా చేస్తే సుళువు. మొదట కాళ్లు సర్ది పైన పళ్లెం మట్టంగా వచ్చేలా చూసుకోవాలి. ఆ తర్వాతే బాల్ హెడ్‌తో, అంటే కెమెరాని ఎటైనా వంచి బిగించే గుండ్రటి కీలుతో, కెమెరా. చాలామంది కాళ్లు ఎలా ఉన్నా వదిలేసి బాల్ హెడ్‌తోనే సర్దేస్తారు. ఒక్క ఫోటోకైతే ఫర్వాలేదు, కెమెరాని పక్కకి తిప్పగానే మట్టం పోతుంది. కొండవాలు మీదైతే ఒక కాలు పల్లం వైపు పెట్టి దాన్ని పొడుగు చేయండి.

ఇసుకలో మాత్రం వేరే కథ. ఒకసారి యారాడలో జరిగింది ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 30 సెకన్ల ఎక్స్‌పోజర్లు, అంటే షట్టర్ అంతసేపూ తెరిచి ఉంచే ఫోటోలు, తీస్తున్నాను. అల వచ్చి చీలమండల దాకా తడిపి వెనక్కి పోయింది. పోతూ పోతూ ట్రైపాడ్ కాలి చుట్టూ ఇసుకని గీకి తీసుకుపోయింది, కాలి చుట్టూ చిన్న గుంట పడింది. కాలు ఆ గుంటలోకి మెల్లగా దిగింది. కంటికి ఏమీ కనబడలేదు, వేలు పెట్టి చూస్తే రెండు సెంటీమీటర్లు. ట్రైపాడ్ కాళ్ల మధ్య దూరం మీటరు అనుకుంటే, ఒక కాలు రెండు సెంటీమీటర్లు దిగితే చాలు, కెమెరా ఒక డిగ్రీకి పైనే వాలుతుంది. మొదటి ఫోటోకి సరిగ్గా ఉన్న లెవెల్ మూడో ఫోటోకి లేదు. ఆ రోజు తీసిన పదకొండు ఫోటోల్లో వాలు ఒక్కో దానిలో ఒక్కోలా ఉంది.

అప్పటి నుంచి నేను చేసేది ఇది. మూడు కాళ్లలో ఒకటి సరిగ్గా కెమెరా చూస్తున్న వైపు, అంటే సముద్రం వైపు ఉండేలా వేస్తాను. నీటికి దగ్గరగా ఉన్న ఆ కాలే ఎక్కువ దిగుతుంది. అది దిగితే కెమెరా ముందుకి వంగుతుందే తప్ప పక్కకి ఒరగదు. ఫ్రేమ్‌లో హొరైజన్ కాస్త పైకి జరుగుతుంది, అంతే. సర్దుకోవడం తేలిక. అదే రెండు కాళ్లు ముందుకి, ఒకటి వెనక్కి ఉంటే, ముందు రెండిట్లో ఏది ఎక్కువ దిగితే అటు ఒరుగుతుంది.

కాళ్లు పెట్టగానే ఫోటో మొదలుపెట్టకండి. ఒక్కో కాలినీ అటూ ఇటూ కదుపుతూ, ఇక దిగదు అనేదాకా ఇసుకలోకి నొక్కండి. రెండు మూడు అలలు వచ్చి పోనివ్వండి. అప్పుడు లెవెల్ చూసుకుని, బాల్ హెడ్ బిగించి, 2 సెకన్ల టైమర్ పెట్టి తీయండి. అల కాళ్లని తాకిన ప్రతిసారీ లెవెల్ మళ్లీ చూడాలి. ఇంటికి రాగానే కాళ్ల కీళ్లు విప్పి మంచినీళ్లతో కడగడం మర్చిపోవద్దు. ఉప్పు పట్టిన కీలు సరిగా బిగుసుకోదు. బిగుసుకోని కాలు ఫోటో మధ్యలో జారుతుంది.

బాల్ హెడ్ బిగించేటప్పుడు కూడా కెమెరా కొంచెం కదులుతుంది. అందుకే బిగించక ముందు కాదు, బిగించిన తర్వాత లెవెల్ చూడండి.

ఆరో మెట్టు: గీత వాలలేదు, వంగింది

కొన్ని ఫోటోల్లో ఎంత తిప్పినా హొరైజన్ సమం కాదు. ఎడమ పక్క సరిచేస్తే కుడి చెడుతుంది. అది వాలు కాదు, లెన్స్ తెచ్చిన వంపు. వైడ్ లెన్సుల్లో ఫ్రేమ్ నడుమ నుంచి వెళ్లే గీత తిన్నగా ఉంటుంది. పైకో కిందికో పోయే కొద్దీ విల్లులా వంగుతుంది. ఆకాశం తక్కువ పెట్టి హొరైజన్‌ని పై అంచు దగ్గర ఉంచితే నడుమ ఉబ్బి చివరలు కిందికి దిగుతాయి. ఎడిటింగ్‌లో ముందు లెన్స్ వంపుని సరిచేసే లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ పెట్టి గీతని తిన్నగా చేసుకుని, ఆ తర్వాతే తిప్పాలి. ఈ వరస తారుమారు అయితే గంట కూర్చున్నా పని కాదు.

కెమెరాని తిప్పుతూ తీసిన ఫోటోల్ని పక్కపక్కన అతికించే పనోరమాలో వచ్చే వంపు దీనికి వేరు. ట్రైపాడ్ పళ్లెం ముందుకి 2 డిగ్రీలు వాలి ఉందనుకోండి. ఎదురుగా చూసినప్పుడు కెమెరా పక్కకి ఒరగదు. 90 డిగ్రీలు తిప్పేసరికి ఆ 2 డిగ్రీలూ పక్క వాలుగా మారిపోతాయి. ఫోటోలు అతికించాక సముద్రం కొండలా లేచి దిగుతుంది. పనోరమాకి ముందు పళ్లెం మట్టం చేయండి, కెమెరాని నిలువుగా పెట్టి ఒక చివర నుంచి రెండో చివర దాకా ఒకసారి ఖాళీగా తిప్పి చూడండి. హొరైజన్ గ్రిడ్ గీతని వదలకుండా సాగితే అప్పుడు తీయండి.

డ్రోన్ వాడేవాళ్లకి ఒక్క మాట. గాలిలో చురుగ్గా తిప్పాక, డ్రోన్ కెమెరాని నిలకడగా పట్టే గింబల్ కొంచెం వాలి ఉండిపోతుంది. ఎగరేసే ముందు చదునైన చోట గింబల్ కాలిబ్రేషన్ చేసుకోండి. పైకి వెళ్లాక కదలకుండా కొన్ని క్షణాలు నిలిపి అప్పుడు తీయండి. విశాఖ లాంటి నౌకాదళ కేంద్రం ఉన్న ఊళ్లలో ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ మ్యాప్ అయిన డిజిటల్ స్కైలో ఆ చోటు అనుమతి ఉన్నదేనా చూసుకోవడం తప్పనిసరి.

ఏడో మెట్టు: ఇంటికొచ్చాక

తిప్పితే పోయేది ఎంతో ముందు తెలుసుకోండి. మూడుకి రెండు నిష్పత్తి ఉన్న ఫోటోని 1 డిగ్రీ తిప్పి అదే నిష్పత్తిలో కత్తిరిస్తే 5 శాతం పోతుంది. 2 డిగ్రీలకి దాదాపు 10 శాతం, 3 డిగ్రీలకి 14, 5 డిగ్రీలకి 21. పోయేది అంచుల్లోదే. కానీ ఫోటో కట్టుదిట్టంగా ఉండేది ఆ అంచుల వల్లే. అందుకే తీసేటప్పుడే నాలుగు పక్కలా కొంచెం జాగా వదలండి. లైట్‌హౌస్ కొనని పై అంచుకి ఆనించి తీస్తే తర్వాత తిప్పడానికి చోటుండదు.

ఫోటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఆర్ కీ నొక్కితే క్రాప్, అంటే కత్తిరించే పనిముట్టు, వస్తుంది. కంట్రోల్ కీ పట్టుకుని హొరైజన్ ఎడమ చివర నుంచి కుడి చివర దాకా గీత గీస్తే ఫోటో తనంతట తానే తిరుగుతుంది. గీత వీలైనంత పొడుగ్గా ఉండాలి, చిన్న ముక్క మీద గీస్తే చేతి వణుకే కొలత అయిపోతుంది. డబ్బు పెట్టక్కర్లేని డార్క్‌టేబుల్‌లో రొటేట్ అండ్ పర్‌స్పెక్టివ్ మాడ్యూల్ తెరిచి, మౌస్ కుడి బటన్‌తో అలాగే గీత లాగొచ్చు. జింప్‌లో మెజర్ టూల్‌తో గీసి స్ట్రెయిటెన్ నొక్కాలి. ఫోన్‌లో స్నాప్‌సీడ్ తెరిచి రొటేట్ ఎంచుకుంటే సరిపోతుంది. ఆటో బటన్ ఉన్న చోట నొక్కి చూడండి. సముద్రం మీద అది బాగానే పనిచేస్తుంది. కొండలు, నదీ తీరాల దగ్గర మనం మొదటి మెట్టులో చెప్పుకున్న మోసపు గీతల్నే అది కూడా నమ్మేస్తుంది.

జేపెగ్ ఫైలుని కాస్త తిప్పి సేవ్ చేసి, మళ్లీ తెరిచి ఇంకాస్త తిప్పడం వద్దు. తిప్పిన ప్రతిసారీ పిక్సెళ్లు కొత్తగా లెక్కకట్టబడి ఫోటో మెత్తబడుతుంది. ఎప్పుడూ అసలు ఫైలు నుంచి ఒక్కసారే తిప్పండి.

సరిగ్గా వచ్చిందా లేదా అని నేను చూసుకునే పద్ధతి ఇది. క్రాప్ పై అంచుని పట్టుకుని తాత్కాలికంగా హొరైజన్ దాకా కిందికి లాగుతాను. ఆకాశం పూర్తిగా దాచేసి, సముద్రం మాత్రమే మిగిలేలా. ఎడమ చివర ఆకాశం అయిపోయిన చోటే కుడి చివర కూడా అయిపోతే వాలు లేనట్టు. ఒక పక్క ఆకాశం సన్నటి చీలికలా మిగిలితే అటు హొరైజన్ ఇంకా దిగి ఉంది. అప్పుడు 0.1 డిగ్రీ చొప్పున సర్ది, అంచుని మళ్లీ పైకి తీసుకెళ్తాను. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష నాకు దొరకలేదు.

కొలత సరిగ్గా ఉన్నా కొన్ని ఫోటోలు ఒరిగినట్టే అనిపిస్తాయి. ముందు భాగంలో పెద్ద రాయి వాలుగా ఉన్నా, తీరం మూల నుంచి మూలకి అడ్డంగా పోయినా కన్ను ఆ వాలుని హొరైజన్‌కి అంటగడుతుంది. ఫోటోని అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారు చేసి చూడండి. అలవాటుపడ్డ కన్ను అప్పుడు కొత్తగా చూస్తుంది. అసలు వాలు ఉంటే ఎదురు దిక్కుకి ఒరిగి వెంటనే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సముద్రం ఉన్న ఫోటోల్లో నేను కొలతనే ఉంచేస్తాను. అవతలి ఒడ్డు బాగా వాలుగా కనబడే చెరువు ఫోటోల్లో మాత్రం, నిలువు సాక్ష్యం చెదరనంత వరకు, పావు డిగ్రీ దాకా కంటికి నచ్చినట్టు సర్దుతాను. చూసేవాళ్లకి నీళ్లు ఒలికిపోతున్నాయన్న టెన్షన్ ఉండకూడదు కదా.

పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్న ఆ ప్రింట్‌ని తర్వాత మార్చాను. 1.1 డిగ్రీ తిప్పి, అంచులు కత్తిరించి మళ్లీ వేయించాను. అసలు ఫోటోలో ఎడమ చివర, అంచుకి ఆనుకుని ఒక తెప్ప ఉండేది, దాని మీద వల సర్దుకుంటున్న మనిషి. ఇప్పుడు సముద్రం మట్టంగా ఉంది. తెప్ప సగమే మిగిలింది, మనిషి లేడు.